అయిదు రూపాయల శక్తి

2025 జూన్ మొదట్లో గాజా నుంచి ఒక తండ్రి సామాజిక మాధ్యమంలో పెట్టిన దృశ్యం భారతదేశంలో విస్తృతంగా ప్రచారమైంది. అందులో అతని చిన్నారి కూతురి చేతిలో ఒక పార్లే-జీ బిస్కట్ పొట్లం ఉంది. ఒకప్పుడు యూరోన్నరకు దొరికిన ఆ పొట్లానికి ఇరవై నాలుగు యూరోలకు పైగా చెల్లించవలసి వచ్చిందని, అయినా కూతురు అడిగితే కాదనలేకపోయానని ఆ తండ్రి రాశాడు. భారత ద్రవ్యంలో అది 2,300 రూపాయల పైమాట. ఇక్కడ టీ కొట్టు ముందు నిలబడి అయిదు రూపాయల నాణెం ఇచ్చి కొనుక్కునే బిస్కట్‌కు అక్కడ పలికిన ధర చూసి దేశం నివ్వెరపోయింది.

ఆ నివ్వెరపాటు సహజమే. గాజా ఆకలి గురించి మాట్లాడిన వారు మాట్లాడవలసిన మాటే మాట్లాడారు. అయితే ఆ దృశ్యం భారతీయుల ముందు మరొక ప్రశ్నను కూడా ఉంచింది. యుద్ధమూ దిగ్బంధమూ కలిసి ఒక బిస్కట్ ధరను అంత ఎత్తుకు తీసుకుపోగలిగాయి. మరి అదే ధరను ఇక్కడ దశాబ్దాల పాటు నాలుగైదు రూపాయల దగ్గర నిలిపి ఉంచినవి ఏవి? కంపెనీ నేర్పు ఒక్కటే అందుకు చాలదు. గోధుమ పంట, పన్నుల చట్టం, జేబులోని నాణెం, రేషన్ దుకాణం, బడిలో ఉడికే అన్నం, ఎన్నికల వాగ్దానం, ఇవన్నీ ఆ ధర వెనుక ఉన్నాయి. పార్లే-జీ చరిత్రను కేవలం ఒక వ్యాపార విజయగాథగా చదివే అలవాటు వల్ల ఈ రెండో కథ మరుగున పడిపోతోంది.

బిస్కట్ ఈ దేశంలో మొదటి నుంచీ రాజకీయ పదార్థమే. 1890లో పుణేలోని పంచ్ హౌద్ మిషన్‌లో క్రైస్తవ మిషనరీలు ఇచ్చిన తేనీటి విందుకు మహాదేవ గోవింద రానడే, బాలగంగాధర తిలక్ తదితరులు హాజరయ్యారు. టీ, బిస్కట్లు వడ్డించిన ఆ విందు మీద సనాతనులు పెద్ద గొడవ లేవదీశారు. ఎవరు తాగారు, ఎవరు తాగలేదు, ఎవరు ప్రాయశ్చిత్తం చేసుకోవాలి అన్న వివాదం చాలాకాలం నడిచింది. బేకరీలు అప్పట్లో ఎక్కువగా ముస్లింల, క్రైస్తవుల చేతుల్లో ఉండేవి. పిండి ఎవరు కలిపారో తెలియని తిండి ముట్టరాదన్నది అగ్రవర్ణాల కట్టుబాటు. పందొమ్మిదో శతాబ్దం చివరి సంవత్సరాల్లో ఢిల్లీలో ఏకంగా హిందూ బిస్కట్ కంపెనీ అన్న పేరుతోనే ఒక సంస్థ వెలిసిందంటే ఆ కట్టుబాటు ఎంత బలమైనదో తెలుస్తుంది. కలకత్తాలో 1892లో 295 రూపాయల పెట్టుబడితో మొదలై తరువాత బ్రిటానియాగా ఎదిగిన వ్యాపారం ఒక వైపు, హంట్లీ అండ్ పామర్స్ వంటి ఇంగ్లండు డబ్బాలు మరొక వైపు ఉన్న ఆ విపణిలో బిస్కట్ దొరల తేనీటి బల్ల మీది వస్తువు. పేదవాడికి అది అందని తిండి, ఆచారవంతుడికి అంటరాని తిండి.

ఈ రెండు అడ్డుగోడలనూ దాటించిన ఆలోచన స్వదేశీ ఉద్యమం నుంచి వచ్చింది. గుజరాత్‌లోని వల్సాడ్ ప్రాంతం నుంచి బొంబాయి చేరి బట్టల వ్యాపారంలో స్థిరపడిన మోహన్‌లాల్ దయాళ్ చౌహాన్ ఆ ఉద్యమ ప్రభావంతో మిఠాయిల తయారీ వైపు మళ్ళాడు. జర్మనీ వెళ్ళి పని నేర్చుకుని, అక్కడి యంత్రాలను దిగుమతి చేసుకుని, 1929లో బొంబాయి శివారు విలే పార్లేలో ఒక పాత కర్మాగారాన్ని బాగుచేసి మొదలుపెట్టాడు. తొలినాళ్ళలో అక్కడ పనిచేసినవారు పన్నెండు మంది. వారిలో అధికులు ఆ కుటుంబం వారే. యంత్రాలు తిప్పడంలో మునిగిపోయి సంస్థకు పేరు పెట్టడం మరచిపోయారని, జనం ఊరి పేరుతో పిలవగా అదే నిలిచిపోయిందని కంపెనీ చెప్పుకునే కథ. ఆ సంవత్సరాలు ఉప్పు సత్యాగ్రహానికి ముందు వెనుకల సంవత్సరాలు. విదేశీ వస్త్రాన్ని తగలబెట్టడం తెలిసిన ఉద్యమం, విదేశీ మిఠాయికి బదులుగా దేశీ మిఠాయిని ముందుకు తెచ్చిన ప్రయత్నాలలో ఇది ఒకటి.

మొదట నారింజ రుచి చాక్లెట్లు, మిఠాయిలు తయారయ్యాయి. దాదాపు పదేళ్ళ తరువాత, రెండో ప్రపంచ యుద్ధపు తొలి మబ్బులు కమ్ముతున్నప్పుడు, బిస్కట్ తయారీ ఆరంభమైంది. దానికి పెట్టిన పేరు పార్లే గ్లూకో. ఇంగ్లండు బిస్కట్ కన్నా చౌక, దేశంలో తయారైనది, గ్లూకోజు బలం కలిగినది అన్నవి దాని మూడు గుర్తింపులు. యుద్ధకాలంలో ఆ బిస్కట్ సైనికులకు కూడా సరఫరా అయింది. వలస పాలనను కాదనే భావన నుంచి పుట్టిన వస్తువు వలస పాలకుల సైన్యాన్ని పోషించడం ఆనాటి దేశీయ పరిశ్రమ అంతటికీ వర్తించే వైరుధ్యం. దానికి ఈ బిస్కట్‌ను ప్రత్యేకంగా తప్పు పట్టనక్కర్లేదు.

స్వాతంత్ర్యం వచ్చిన వెంటనే ఎదురైన పరీక్ష మాత్రం గమనించదగ్గది. విభజనతో పశ్చిమ పంజాబు గోధుమ భూములు సరిహద్దు అవతలికి పోయాయి. గోధుమ కొరత ఏర్పడింది. గోధుమ సరఫరా కుదుటపడే వరకు కంపెనీ బార్లీతో బిస్కట్లు చేసి అమ్మింది, ఆ మేరకు ప్రజలకు ప్రకటనల ద్వారా విజ్ఞప్తి చేసింది. సరిహద్దు గీత ఒకటి మారితే బిస్కట్‌లోని పిండి మారుతుందన్న సత్యాన్ని ఆనాడే ఆ పొట్లం చూపించింది. గోధుమ దిగుమతుల మీద ఆధారపడిన 1950లు, 60ల భారతదేశంలో ఒక చౌక బిస్కట్ మనుగడ ఎంత పెళుసైనదో ఊహించుకోవచ్చు. హరిత విప్లవం లేకపోతే ఇంత పెద్ద బిస్కట్ పరిశ్రమ ఉండేది కాదు. పంజాబు, హర్యానా రైతుకు ప్రభుత్వం ఇచ్చిన మద్దతు ధర, నీరు, ఎరువు, వీటి మీదనే ఆ పరిశ్రమ నిలబడింది. ఏ కంపెనీ చరిత్రలోనూ ఈ అధ్యాయం పెద్దగా కనిపించదు.

విపణిలో గ్లూకోజు బిస్కట్లు పెరిగిన కొద్దీ పార్లేకు తనను తాను వేరుగా చూపుకోవలసిన అవసరం వచ్చింది. బ్రిటానియా సంస్థ గ్లూకోజ్-డి పేరుతో పోటీకి దిగింది. షోలే చిత్రం తరువాత గబ్బర్ సింగ్ వేషంలోనే అమ్జద్ ఖాన్ ఆ బిస్కట్‌కు ప్రచారం చేశాడు. పసిపిల్లల తిండికి బందిపోటు హామీ ఇవ్వడం భారతీయ ప్రకటనల చరిత్రలో ఒక వింత. దుకాణంలో జనం కేవలం గ్లూకోజు బిస్కట్ అని అడిగితే కొట్టువాడు చేతికందినది ఇచ్చేవాడు. అందువల్ల పసుపు రంగు మైనపు కాగితం, తెల్లని గీతలు, ఎర్రని అక్షరాలు, వాటి పక్కన చేయి ఎత్తిన బొద్దు పాప బొమ్మ, ఇవి పొట్లానికి ముఖమయ్యాయి. ఆ పాప ఫలానా ఆవిడ చిన్ననాటి ఛాయాచిత్రమని ఏళ్ళ తరబడి పుకార్లు నడిచాయి. 1960లలో ఎవరెస్ట్ ప్రకటనల సంస్థకు చెందిన చిత్రకారుడు మగన్‌లాల్ దహియా ఊహించి గీసిన బొమ్మ అది అని కంపెనీ పలుమార్లు స్పష్టం చేసింది. దేశంలో అత్యధికులు గుర్తుపట్టే ముఖాలలో ఒకటి ఎవరి ముఖమూ కాదు. అందుకే దానికి కులం లేదు, భాష లేదు, రాష్ట్రం లేదు. చదువురాని వారు కూడా బొమ్మను చూపి కొనుక్కోవచ్చు. ఎన్నికల గుర్తు ఏ పని చేస్తుందో ఆ బొమ్మ అదే పని చేసింది.

1982లో పార్లే గ్లూకో పేరు పార్లే-జీగా మారింది. తాతయ్య చుట్టూ చేరిన మనవల ప్రచార చిత్రం దూరదర్శన్‌లో వచ్చింది. రుచి, శక్తి అన్న రెండు మాటల మీద ఆ ప్రచారం సాగింది. 1990ల చివర బాలల అభిమాన కథానాయకుడు శక్తిమాన్ ఆ బిస్కట్ పక్షాన నిలిచాడు. తరువాతి కాలంలో జీ అక్షరానికి గ్లూకోజు బదులు జీనియస్ అన్న అర్థం చేర్చారు. మొదట బలం, ఆ తరువాత తెలివి. ఏ తరం తల్లిదండ్రులకు పిల్లల గురించి ఏ ఆశ ఉందో దానిని పొట్లం తన పేరులోకి తీసుకుంది. ఇంతకూ లోపల ఉన్నవి మైదా, చక్కెర, నూనె, కాసిన్ని పాలపదార్థాలు. బరువులో దాదాపు నాలుగో వంతు చక్కెరే. శక్తి అన్న మాట అబద్ధం కాదు, చక్కెర శక్తినిస్తుంది. అయితే ఆకలి తీరడం వేరు, పోషణ వేరు. ఆ రెంటినీ ఒకే మాటలో కలిపేయడమే ఆ ప్రచారంలోని చాతుర్యం.

అదే 1982లో పేదవాడి ఆకలి గురించి ఈ దేశం మరొక విధంగా కూడా ఆలోచించింది. ఆ సంవత్సరం జులైలో తమిళనాడులో ఎం.జి.రామచంద్రన్ ప్రభుత్వం పౌష్టికాహార పథకాన్ని ప్రారంభించింది. కామరాజ్ కాలంలో వేసిన పునాది మీద లక్షలాది పిల్లలకు వేడి అన్నం పెట్టే వ్యవస్థ నిలిచింది. అదే సంవత్సరం మార్చిలో హైదరాబాదులో తెలుగుదేశం పార్టీ పుట్టింది. కిలో రెండు రూపాయలకే బియ్యం అన్నది దాని వాగ్దానం. ఎన్నికల ముంగిట కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం కంగారుపడి 1.90 రూపాయలకే ఇస్తామన్న సంగతి తెలుగు రాజకీయాలు తెలిసినవారు మరచిపోరు. పది పైసల తేడా ఓట్లను ఆపలేదు. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం రెండు రూపాయల బియ్యం ఇచ్చింది.

ఒకే కాలంలో రెండు స్థిరమైన ధరలు పేదవాడి ముందుకు వచ్చాయన్నమాట. ఒకటి ప్రభుత్వం మీద ఒత్తిడి తెచ్చి సాధించుకున్న ధర. రెండోది కంపెనీ లెక్క వేసి నిలిపిన ధర. వీటి తదుపరి చరిత్రలను పక్కపక్కన పెట్టి చూడాలి.

రెండు రూపాయల బియ్యం ధరను 1996లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం మూడున్నర రూపాయలకు పెంచింది. అందుకోసం ఖజానా పరిస్థితి మీద శ్వేతపత్రం విడుదల చేయవలసి వచ్చింది, శాసనసభలో, వీధుల్లో జవాబు చెప్పవలసి వచ్చింది. ఆ తరువాత ధర ఇంకా పెరిగింది. 2008లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం దానిని మళ్ళీ రెండు రూపాయలకు తెచ్చింది. 2011లో కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం ఒక్క రూపాయి చేసింది. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం కిలో బియ్యం మూడు రూపాయలు, గోధుమలు రెండు రూపాయలు అని దేశమంతటికీ ధర నిర్ణయించింది. ఈ మార్పులలో ప్రతి ఒక్కటీ బహిరంగంగా జరిగింది. ఎవరు పెంచారో, ఎవరు తగ్గించారో ఓటరుకు తెలుసు. రేషన్ డీలరు తూకంలో మోసం చేస్తే గొడవ పెట్టుకోవచ్చు, ఫిర్యాదు చేయవచ్చు, ఓటు వేసి కోపం తీర్చుకోవచ్చు.

బిస్కట్ ధర మార్పు మరో తీరున జరిగింది. 1990ల మధ్యలో వంద గ్రాముల పొట్లం నాలుగు రూపాయలు. చాలా ఏళ్ళు ఆ నాలుగు రూపాయలు కదలలేదు. ఒకసారి అర్ధరూపాయి పెంచి చూస్తే అమ్మకాలు పడిపోయి వెనక్కి తగ్గవలసి వచ్చిందని కంపెనీ ప్రతినిధులే చెప్పారు. ఆ అనుభవం నేర్పిన పాఠం ఏమిటంటే, చౌక సరుకు కొనేవాడు ధరను చూస్తాడు, బరువును చూడడు. అతని జేబులో ఉన్నది నాణెం, తక్కెడ కాదు. అప్పటి నుంచి పొట్లంలోని గ్రాములు దశలవారీగా తగ్గుతూ వచ్చాయి. ధర అయిదు రూపాయలకు మారింది. 2020ల తొలి ఏళ్ళకు అయిదు రూపాయల పొట్లంలో 55 గ్రాములు మిగిలాయి. కిలో లెక్కన చూస్తే నలభై రూపాయలున్నది దాదాపు 91 రూపాయలైంది. పొట్లం మీది అంకె నాలుగో వంతు పెరిగింది, అసలు ధర రెట్టింపు దాటింది.

ఇందులో మోసమేమీ లేదు. నికర బరువు పొట్లం మీద ముద్రించే ఉంటుంది, చట్టం ముద్రించమంటుంది. పైగా ఆ పాతిక, ముప్పై ఏళ్ళలో గోధుమ, చక్కెర, నూనె, కూలి, రవాణా అన్నీ అంతకన్నా చాలా ఎక్కువగా పెరిగాయి. కూలిరేట్లతో పోల్చితే ఆ బిస్కట్ ఇప్పటికీ చౌకే. చిన్న లాభంతో, అపారమైన పరిమాణంలో అమ్ముతూ ఆ ధరను నిలబెట్టడం అసామాన్యమైన వ్యాపార సామర్థ్యం. 2011లో నీల్సన్ సంస్థ దానిని ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడయ్యే బిస్కట్‌గా గుర్తించింది. 2013లో దాని రిటైల్ అమ్మకాలు 5,000 కోట్ల రూపాయలు దాటాయి. అవి కష్టపడి సంపాదించిన ఘనతలు. ఇక్కడ చెప్పవలసిన విషయం వేరు. గ్రాములు తగ్గినప్పుడు శ్వేతపత్రం ఉండదు, శాసనసభ ఉండదు, ఎన్నిక ఉండదు. పొట్లం పలచబడుతుంది, అంతే. ఎవరినీ నిందించలేనంత నిశ్శబ్దంగా ద్రవ్యోల్బణం పేదవాడి చేతిలోకి వచ్చి చేరుతుంది.

ప్రభుత్వానికి ఈ పొట్లం రాజకీయ విలువ తెలియక కాదు. 2007-08 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి పి.చిదంబరం, కిలో 50 రూపాయలకు మించని బిస్కట్లను ఎక్సైజ్ సుంకం నుంచి మినహాయించారు. ఆ పరిమితి తరువాత వంద రూపాయలకు పెరిగింది. పేదవాడు తినే బిస్కట్ వేరు, సంపన్నుడు తినే బిస్కట్ వేరు అని పన్నుల చట్టం ఒప్పుకున్న సందర్భం అది.

ఆ బడ్జెట్ వచ్చిన సంవత్సరం ముగిసేలోగానే బిస్కట్ పరిశ్రమ మరో అడుగు ముందుకు వేసింది. బడిపిల్లల మధ్యాహ్న భోజనంలో వండిన అన్నానికి బదులు బిస్కట్లు ఇవ్వవచ్చని బిస్కట్ తయారీదారుల సంఘం పార్లమెంటు సభ్యులకు లేఖలు రాసింది. పార్టీలకు అతీతంగా 29 మంది సభ్యులు ఆ ప్రతిపాదనను అప్పటి మానవ వనరుల మంత్రి అర్జున్ సింగ్‌కు పంపారు. జాఁ ద్రెజ్, రీతికా ఖేరా వంటి ఆర్థికవేత్తలు ఆ ఉత్తరాల సంగతి బయటపెట్టి పత్రికల్లో రాశారు. అదే కాలంలో మహిళా శిశు అభివృద్ధి శాఖను నిర్వహిస్తున్న తెలుగు నేత రేణుకా చౌదరి కూడా అంగన్‌వాడీలలో పోషకాలు చేర్చిన తయారు ఆహారం వైపు మొగ్గు చూపడంతో, ప్రణాళికా సంఘంలోనూ బయటా వాదోపవాదాలు జరిగాయి. బిస్కట్ ప్రతిపాదనను రాష్ట్రాలు హర్షించలేదు. కేంద్ర మంత్రిత్వశాఖ తోసిపుచ్చింది. వండిన భోజనం నిలిచింది.

ఆ వాదనలో పరిశ్రమ చెప్పిన మాటలు పూర్తిగా కొట్టివేయదగ్గవి కావు. వంటగదులు లేని బడులు ఉన్నాయి, పురుగుల అన్నం, కలుషిత భోజనం తిని పిల్లలు ఆసుపత్రి పాలైన ఘటనలు ఉన్నాయి. పొట్లం శుభ్రంగా ఉంటుంది, లెక్క తేలికగా తేలుతుంది. కేలరీల లెక్కలోనూ బిస్కట్ వెనుకబడదు. 2006లో సవరించిన ప్రమాణం ప్రకారం ప్రాథమిక పాఠశాల భోజనంలో 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలి. వంద గ్రాముల గ్లూకోజు బిస్కట్లు ఇంచుమించు అన్ని కేలరీలూ ఇస్తాయి. మాంసకృత్తులు మాత్రం దాదాపు సగమే ఇస్తాయి. మిగిలిన సగం పప్పులో ఉంది, గుడ్డులో ఉంది. ఆకుకూర ఇచ్చేది బిస్కట్‌లో అసలే లేదు.

పోషకాల పట్టికలో కనిపించని తేడా ఇంకా పెద్దది. 2001 నవంబరు 28న పౌరహక్కుల ప్రజా సంఘం వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. వండిన అన్న మాటలోనే ఆ ఉత్తర్వు ప్రాణం ఉంది. ఆ ఉత్తర్వును అనుసరించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో పథకం మొదలైనప్పుడు వంట బాధ్యత మహిళా స్వయం సహాయక సంఘాలకు దక్కింది. బడిలో పొయ్యి వెలిగితే ఊళ్ళో ఆడవారికి కొద్దో గొప్పో పని దొరుకుతుంది, స్థానికంగా కూరగాయలు అమ్ముడవుతాయి. అన్ని కులాల పిల్లలు ఒకే వరుసలో కూర్చుంటారు. దళిత స్త్రీ వండితే తినబోమన్న పెద్దల మొండితనం బయటపడుతుంది, దానితో తలపడవలసి వస్తుంది. పొట్లం ఈ సంఘర్షణను తప్పిస్తుంది. యంత్రం చేసిన బిస్కట్‌కు వండిన చేతి కులం తెలియదు. పంచ్ హౌద్ విందు నాటి అంటు సమస్యను పొట్లం ఆ విధంగా పరిష్కరించింది. కులం పోలేదు, కనిపించకుండా పోయింది. బడి వంటగది మాత్రం దానిని కళ్ళెదుట నిలబెడుతుంది.

2017 జులైలో వస్తు సేవల పన్ను వచ్చాక పేదవాడి బిస్కట్‌కు ఉన్న ప్రత్యేకత పోయింది. ఖరీదైనదైనా చౌకైనా బిస్కట్ల మీద ఒకే 18 శాతం పన్ను పడింది. 2019 ఆగస్టులో ఆర్థిక మందగమనం ముదిరినప్పుడు, పన్ను తగ్గించకపోతే పదివేల దాకా ఉద్యోగాలు పోవచ్చని కంపెనీ ప్రతినిధి హెచ్చరించాడు, అయిదు రూపాయల సరుకు కొనడానికి కూడా జనం వెనకాడుతున్నారని బ్రిటానియా అధిపతి అన్నాడు. నిరుద్యోగ గణాంకాల మీద, స్థూల జాతీయోత్పత్తి లెక్కల మీద ఏళ్ళ తరబడి సాగిన చర్చ ఒప్పించలేనివారిని ఆ ఒక్క మాట ఆలోచింపజేసింది. పేదల వినియోగం పడిపోయిందన్న వాదనకు బిస్కట్ సాక్షిగా నిలిచింది.

ఏడు నెలలు గడిచేసరికి అదే బిస్కట్ మరొక సాక్ష్యం చెప్పింది. 2020 మార్చిలో కొద్ది గంటల వ్యవధితో దేశమంతటా లాక్‌డౌన్ విధించారు. నగరాల నుంచి వలస కూలీలు కాలినడకన ఊళ్ళకు బయలుదేరారు. వారి సంచుల్లో బిస్కట్ పొట్లాలు ఉన్నాయి. దారిలో స్వచ్ఛంద సంస్థలు, పోలీసులు, గ్రామస్థులు పంచినవాటిలోనూ అవి ఉన్నాయి. మూడు కోట్ల పొట్లాలు విరాళంగా ఇస్తామని కంపెనీ ప్రకటించింది. ఆ వసంతకాలపు నెలల్లో తమ అమ్మకాలు దశాబ్దాలలో ఎన్నడూ లేనంతగా పెరిగాయని తరువాత చెప్పింది. పత్రికలు దానిని ఒక బ్రాండ్ పునరుజ్జీవనంగా కొనియాడాయి. కొనియాడవలసినది ఉంది. వండుకోవడానికి పొయ్యి, నీళ్ళు, నీడ లేనివాడికి నిలవ ఉండే పొట్లం ప్రాణాధారం. అయినా ఒక దేశంలో బిస్కట్ అమ్మకాలు ఆ తీరున పెరగడానికి కారణం కోట్లాది మందికి ఆ పూట అన్నం దొరకకపోవడం. రేషన్ కార్డు సొంతూళ్ళో ఉంది, మనిషి పరాయి రాష్ట్రపు రహదారి మీద ఉన్నాడు. చట్టం హామీ ఇచ్చిన బియ్యానికీ అతని నోటికీ మధ్య ఏర్పడిన ఖాళీని అయిదు రూపాయల పొట్లం నింపింది. 2019లో అది కొనలేనితనానికి కొలమానం. 2020లో అది దిక్కులేనితనానికి కొలమానం.

2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కట్ల మీద పన్ను 18 నుంచి అయిదు శాతానికి తగ్గింది. ఎనిమిదేళ్ళు ఆలస్యమైనా అది సరైన నిర్ణయమే. ఆ వెంటనే వచ్చిన చిక్కు ఆసక్తికరమైనది. అయిదు రూపాయల పొట్లం మీద తగ్గిన పన్నును వినియోగదారుకు ఎలా అందించాలి? నాలుగున్నర రూపాయలకు అమ్మితే చిల్లర ఎక్కడిది? అందువల్ల చిన్న పొట్లాల విషయంలో ధర అలాగే ఉంచి బరువు పెంచుతామని పలు కంపెనీలు చెప్పాయి. ఇన్నేళ్ళూ గ్రాములు తగ్గడాన్ని ఎవరూ పట్టించుకోలేదు, ఇప్పుడు గ్రాములు పెంచుతామన్న హామీ అమలైందో లేదో చూసే తక్కెడ కూడా ఎవరి చేతిలోనూ లేదు. పన్ను తగ్గించిన ఘనత ప్రకటనల్లో కనిపించింది. ఆ ఘనత ఎన్ని గ్రాములో తెలుసుకోవాలంటే పొట్లం వెనుక ఉన్న సన్నని అక్షరాలు చదవాలి.

విలే పార్లేలోని తొలి కర్మాగారం 2016లో ఉత్పత్తి ఆపేసింది. లోకల్ రైలు ఆ స్టేషను చేరుకునేటప్పుడు కమ్మని వాసన వచ్చేదని ముంబై పాతతరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. కర్మాగారం పోయినా పొట్లం పోలేదు. టీ గ్లాసులో ముంచి, విరిగి పడకముందే నోట్లో వేసుకునే ఆ బిస్కట్ కార్మికుడికీ, రాత్రిపూట చదివే విద్యార్థికీ, రోగి పక్కన కూర్చున్న బంధువుకూ చేసిన మేలు చిన్నది కాదు. దానిని తక్కువ చేసి మాట్లాడేవారు ఆకలి తెలియనివారు.

ఆకలి తెలిసిన ప్రభుత్వాలు మాత్రం ఒక తేడాను గుర్తుంచుకోవాలి. పూటకూ పూటకూ మధ్య తినడానికి పుట్టిన బిస్కట్ పూట స్థానంలోకి వచ్చిందంటే, ఎక్కడో ఒక పొయ్యి ఆరిపోయిందని అర్థం. గాజాలో ఆ పొయ్యిని యుద్ధం ఆర్పింది. సహాయ సామగ్రిగా సరిహద్దు దాటి, చేతులు మారి, చీకటి విపణిలో బంగారం ధర పలికిన ఆ పొట్లం ఆ పాప చేతికి చేరింది. భారతదేశంలో అది అయిదు రూపాయలకు దొరకడానికి కారణం దాని చుట్టూ రేషన్ దుకాణం, బడి వంటగది, రైతు మార్కెట్ యార్డు ఎంతో కొంత పనిచేస్తుండటమే. ఇవి బలహీనపడితే ధర అంకె మారకపోవచ్చు. పొట్లం మాత్రం ఇంకాస్త పలచబడుతుంది, దాని మీద ఆధారపడే పూటలు ఇంకొన్ని పెరుగుతాయి.